ధర తెలిసిన రైతు

ఓరుగల్లు ప్రాంతపు మిరప మార్కెట్లలో ప్రొద్దుటి పూట ‘జెండా పాట’ అనే ఆచారం ఉన్నది. అడ్తిదారులు, ఖరీదుదారులు, రైతులు ఒకచోట గుమిగూడుతారు. ఆనాడు యార్డుకు వచ్చిన సరకులో మేలైన రాశిని ఎంచి పాట పాడతారు. అందులో పలికిన ధరే ఆ రోజుకు గరిష్ఠ ధర. పూర్వం ఆ అంకె ఊళ్లకు చేరేసరికి పొద్దు గూకేది; మార్కెట్టుకు పోయివచ్చినవాడు చెబితేనే తెలిసేది. నేడు పాట ముగిసిన కొద్ది నిమిషాలకే మహబూబాబాద్ జిల్లాలోని ఒక తండాలో, కల్లం దగ్గర తాలుకాయలు ఏరుతున్న కూలీ చేతి ఫోనులోకి కూడా ఆ అంకె వచ్చి కూర్చుంటున్నది. దానిని చూచి ఆశతో బస్తాలు లారీకెక్కించిన రైతు మరునాడు తక్‌పట్టీ అందుకొనేసరికి అందులో ఉన్నది వేరొక అంకె. తేడా వందలలో ఉంటే అదృష్టమే. తరచు అది వేలలో ఉంటుంది.

ఫోను అబద్ధమాడలేదు. జెండా పాట ధర నిజమే. అయితే అది ఒక రాశి ధర. మిగిలిన వేల బస్తాల ధర కాదు. సమాచార సాంకేతిక విజ్ఞానం అంతర్జాతీయ వాణిజ్యాన్ని ఎట్లా మార్చిందన్న ప్రశ్నకు పెద్ద పెద్ద గ్రంథాలలో ఉన్న సమాధానాలన్నీ ఈ చిన్న తేడా దగ్గర ఒకసారి ఆగవలసి ఉన్నది. ధర తెలియడం వేరు, ఆ ధర పొందడం వేరు. మొదటిదానిని యంత్రం చేసిపెట్టింది. రెండవది దానంతట అది జరుగుతుందని అనేకులు నమ్మారు. ఆ నమ్మకమే పొరపాటు.

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి – ఈ మూడూ 2016 అక్టోబరు 11న కొత్తగా ఏర్పడిన జిల్లాలు. ఈ నేలకు సముద్రం లేదు, రేవు లేదు. ఇక్కడి పంటలు మాత్రం ఏనాటి నుంచో సముద్రం దాటుతూనే ఉన్నాయి. జనగామ, భూపాలపల్లి నల్లరేగళ్లలో పండే పత్తి నూలై, బట్టయి దేశాంతరాలకు పోతున్నది. మహబూబాబాద్, భూపాలపల్లి మిరప చైనా, థాయిలాండ్, బంగ్లాదేశ్ వంటి దేశాలకు పోతున్నది. భారతదేశపు సుగంధద్రవ్యాల ఎగుమతులలో మిరపదే అగ్రస్థానం. ఇక జనగామను ఆనుకొని ఉన్న పెంబర్తి గ్రామపు ఇత్తడి రేకు పనితనం కాకతీయుల కాలం నాటి కళగా ప్రసిద్ధి పొందింది.

ఆ కాకతీయులలోనే ఒక ప్రభువు వర్తకంలో సమాచారానికి ఉన్న విలువను ఏడువందల ఏండ్లకు పూర్వమే గుర్తించాడు. 1244–45లో గణపతిదేవుడు మోటుపల్లి రేవులో ఒక శాసనం వేయించాడు. అంతకు మునుపు తుఫానుకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొని వస్తే అందులోని సరకును రాజులు స్వాధీనం చేసుకొనేవారు. ఇకమీదట నిర్ణీతమైన సుంకం తప్ప మరేమీ తీసుకొనబోమని, వర్తకులు నిర్భయంగా రావచ్చునని ఆ శాసనం ప్రకటించింది. అందుకే దానికి అభయ శాసనమని పేరు. అందులో ఏ సరకు ఏ ధర పలుకుతుందన్న వార్త లేదు. ఉన్నది హామీ. దూరదేశపు వర్తకుడు తాను కంటితో చూడని రేవును నమ్మి ఓడను పంపడానికి అవసరమైనది ఆ హామీయే. ధరల వార్త కన్న దీనికే విలువ ఎక్కువ అని చెప్పడం అతిశయోక్తి కాదు.

ధరల వార్తకు విలువ లేదని దీని అర్థం కాదు. 1866లో అట్లాంటిక్ మహాసముద్రపు అడుగున తంతితీగ శాశ్వతంగా నెలకొన్నది. అంతవరకు ఇంగ్లండులోని లివర్‌పూల్ పత్తి ధర అమెరికాలోని న్యూయార్కు వర్తకునికి తెలియాలంటే ఆవిరి ఓడ పది రోజులు ప్రయాణం చేయాలి. తీగ పడిన తరువాత ఆ వార్త ఆ రోజే తెలిసింది. రెండు రేవుల మధ్య ధరల అంతరం తగ్గిందనీ, ఎగుమతులు పెరిగాయనీ ఆర్థికవేత్తలు ఆనాటి లెక్కలను పరిశీలించి తేల్చారు. అంతకు ఏడాది ముందే, 1865లో, వార్తల వేగం చేసే చేటు ఎంతటిదో బొంబాయి చవిచూచింది. అమెరికా అంతర్యుద్ధం వలన ఆ దేశపు పత్తి ఆగిపోగా భారతదేశపు పత్తికి బంగారపు ధర వచ్చింది. యుద్ధం ముగిసిందన్న కబురు అందగానే ధర కూలింది. దానితో పాటు బొంబాయి బ్యాంకులూ, కంపెనీలూ కూలాయి. కబురు ముందుగా అందినవాడు తన సరకు అమ్ముకొని బయటపడ్డాడు. పొలంలో పత్తి ఉన్న రైతుకు బయటపడే దారి లేదు.

మన కాలంలో ఇటువంటిదే మరొక ఉదాహరణ కేరళ తీరానిది. 1997 నుంచి 2001 వరకు అక్కడి తీరమంతటా క్రమంగా సెల్‌ఫోను సౌకర్యం వచ్చింది. చేపలు పట్టినవారు నడిసముద్రం నుంచే ఏ ఒడ్డున ఏ ధర ఉన్నదో అడిగి తెలుసుకొని పడవను అటు మళ్లించారు. రాబర్ట్ జెన్సెన్ అనే ఆర్థికవేత్త ఈ మార్పును కొలిచి 2007లో ప్రకటించాడు. కొనేవాడు లేక చేపలను పారబోయడం దాదాపుగా నిలిచిపోయింది. జాలరుల లాభం సుమారు 8 శాతం పెరిగింది. వింత ఏమంటే, కొనేవారికి ధర 4 శాతం తగ్గింది కూడా. ఫోను వలన ఇరువురూ బాగుపడ్డారు.

ఈ కథను సభలలో ఉదాహరించే వక్తలు ఒక సంగతి మరచిపోతారు. ఆ జాలరి చేతిలో పడవ ఉన్నది. దానిని ఏ ఒడ్డుకు తిప్పాలో నిర్ణయించుకొనే స్వేచ్ఛ ఉన్నది. కేసముద్రం పక్క పల్లెలో మిరప వేసిన కౌలురైతు పరిస్థితి అది కాదు. నారు పోసేనాడు విత్తనానికి, పూతకొచ్చేనాడు పురుగుమందుకు అతడు అడ్తిదారు వద్ద అప్పు తెచ్చి ఉంటాడు. పంట ఆ అడ్తికే పోవాలి. గుంటూరులో ధర ఎక్కువ ఉన్నదని ఫోను చెప్పవచ్చు, ఖమ్మంలో ఉన్నదనీ చెప్పవచ్చు. అతని పడవకు చుక్కాని మరొకరి చేతిలో ఉన్నది. అప్పు లేని రైతుకైనా ఆగే స్తోమత కావాలి. శీతల గిడ్డంగిలో బస్తాలు దాచి రెండు నెలలు ఆగగలిగినవానికి ధరల వార్త ఆయుధం. కూలీలకు ఆ వారమే డబ్బు ఇవ్వవలసినవానికి అది కేవలం వార్త.

దళారులు ఇక ఉండరని కంప్యూటర్లు వచ్చిన కొత్తలో బలంగా వినిపించింది. 2000లో ఐ.టి.సి. సంస్థ మధ్యప్రదేశ్‌లో సోయా రైతుల కొరకు ‘ఇ-చౌపాల్’ పేరిట పల్లెలలో కంప్యూటర్లు పెట్టినప్పుడు ఆ ఆశకు రెక్కలు వచ్చాయి. 2016 ఏప్రిల్ 14న కేంద్ర ప్రభుత్వం జాతీయ వ్యవసాయ మార్కెట్టును, అంటే ‘ఇ-నామ్’ను ఆరంభించినప్పుడు ఆ ఆశ మరికొంత పెరిగింది. వరంగల్ ఏనుమాముల వంటి పెద్ద మార్కెట్టు కూడా ఆ జాలంలో చేరింది. ఖరీదుదారులు తమ ధరలను కంప్యూటరు ద్వారా గోప్యంగా పంపడం, ఎక్కువ ధర వ్రాసినవానికి సరకు దక్కడం – ఇవి మంచి మార్పులే. పాట పాడేవారు కలిసికట్టుగా ధర తొక్కిపెట్టే పాత విద్యకు దీని వలన కొంత అడ్డు పడింది.

అడ్తిదారు మాత్రం పోలేదు. పోకపోవడానికి కారణం అతని కుటిలత్వమొక్కటే అనుకుంటే సులభంగా ఉంటుంది గాని అది సగం నిజం. అతడు ధర చెప్పే మనిషి మాత్రమే కాదు. అప్పు ఇస్తాడు, బస్తాలు దించిస్తాడు, కాంటా పెట్టిస్తాడు, కొన్నవాడు డబ్బు ఆలస్యం చేసినా రైతుకు ముందుగా సర్దుతాడు. అన్నింటికన్న ముఖ్యంగా ఈ సరకు ఇటువంటిదని కొనేవానికి పూచీ పడతాడు. ఫోను ఈ పనులలో ఒక్కదానిని మాత్రమే అతని నుంచి తీసుకొన్నది. ఎక్కడో నాగపూరులోనో కొచ్చిలోనో కూర్చున్న వర్తకుడు ఏనుమాములలోని రాశికి తెర మీద ధర వ్రాయాలంటే అందులో తేమ ఎంత, తాలు ఎంత, రంగు ఎంత అన్నది అతనికి నమ్మకంగా తెలియాలి. ఆ పరీక్ష ప్రతి రాశికీ జరగనంత కాలం దూరపు వర్తకుడు దూరంగానే ఉంటాడు. ఇ-నామ్ తెర ఎంత మెరిసినా దాని ముందు కూర్చునేవారు పాత యార్డు మనుషులే అవుతారు.

పత్తి సంగతి మరింత కఠినం. మిరపకు రుచి, రంగు, ఊరిపేరు ఉన్నాయి; పత్తికి పింజ పొడవే పేరు. దాని ధర న్యూయార్కు వాయిదా మార్కెట్టులో పౌనుకు ఇన్ని సెంట్లని నిర్ణయమవుతున్నది. జిన్నింగు మిల్లు యజమాని ప్రొద్దున్నే ఆ అంకెను ఫోనులో చూచి, రూపాయి మారకపు విలువను, గింజల ధరను కలుపుకొని ఆనాటి పత్తి ధరను లెక్కకట్టుకుంటాడు. 2025 ఆగస్టులో ఏం జరిగిందో చూడండి. అమెరికా భారతీయ సరకులపై సుంకాన్ని ఆ నెల 27 నుంచి 50 శాతానికి పెంచింది. దానికి కొద్ది రోజుల ముందు, 19వ తేదీ నుంచి, కేంద్ర ప్రభుత్వం విదేశీ పత్తిపై ఉన్న 11 శాతం దిగుమతి సుంకాన్ని ఎత్తివేసింది. మొదట సెప్టెంబరు ఆఖరు వరకని, పిదప డిసెంబరు 31 వరకని గడువు పెట్టింది. మిల్లులకు ఇది ఊరట. ఆ ఉత్తర్వుల వార్త భూపాలపల్లి రైతుకు ఢిల్లీ వారితో పాటే తెలిసింది. తెలిసి అతడు చేయగలిగినది మాత్రం ఏమీ లేదు. జూనులో విత్తు పెట్టాడు, ఆగస్టులో చేను పూతమీద ఉన్నది. వాణిజ్యపు నిర్ణయాలు గంటలలో మారుతాయి. పత్తికి ఆరునెలలు కావాలి. ఈ రెండు కాలాల మధ్య నలిగేవాడు రైతే. ఆ సంవత్సరం పొడవు పింజ పత్తికి ప్రకటించిన కనీస మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. న్యూయార్కు అంకెకు ఎదురుగా అతనికి ఉన్న గొడుగు అదొక్కటే.

ఆ గొడుగు కిందికి పోవడానికి కూడా 2025లో ఫోనే వాకిలి అయింది. భారత పత్తి సంస్థకు పత్తి అమ్మదలచినవారు ‘కపాస్ కిసాన్’ అనే యాప్‌లో పేరు నమోదు చేసుకొని, తమకు కేటాయించిన రోజున సరకు తేవాలన్న పద్ధతి వచ్చింది. కొనుగోలు కేంద్రాల ముందు రోజుల తరబడి బండ్లు నిలిచే బాధ దీని వలన తగ్గుతుందన్న ఆలోచన మంచిదే. సెల్‌ఫోనును మాట్లాడటానికి మాత్రమే వాడే వృద్ధ రైతుకు, భూమి కాగితాలు తన పేర ఉండని కౌలుదారుకు ఆ వాకిలి ఇరుకైనది. ఇంట్లో ఇంటర్మీడియెట్ చదివే పిల్లవాడు ఉంటే నమోదు అయింది, లేకుంటే ఎవరి సాయమో అడగవలసి వచ్చింది. వానకు తడిసిన పత్తిలో తేమ 12 శాతం దాటితే కేటాయించిన రోజు వచ్చినా ప్రయోజనం లేదు. ఆకాశంతో ఏ యాప్‌కూ ఒప్పందం లేదు.

ఇంతవరకు చెప్పిన వార్తలన్నీ బయటి నుంచి పల్లెకు వచ్చినవి. పల్లె నుంచి బయటికి పోయే వార్తల మాట ఏమిటి? అసలు చిక్కు ఇక్కడ ఉన్నది. 2003 మే నెలలో ఫ్రాన్సు దేశంలో, భారతదేశం నుంచి వెళ్లిన మిరప ఉత్పత్తులలో ‘సూడాన్–1’ అనే రసాయనిక రంగు బయటపడింది. అది ఆహారంలో కలపరాని రంగు. ఐరోపా దేశాల మధ్య ఆహార ప్రమాదాలను తక్షణం తెలియజేసుకొనే ఒక సమాచార వ్యవస్థ ఉన్నది. దాని ద్వారా కబురు అన్ని దేశాలకూ ఒకేసారి చేరింది. అదే ఏడాది జూనులో, పరీక్షా పత్రం లేని మిరపను రానీయరాదని ఐరోపా సంఘం ఆదేశించింది. 2005 ఫిబ్రవరిలో ఆ రంగు కలిసిన మిరపపొడి వాడిన పదార్థాలను బ్రిటన్‌లో అంగళ్ల నుంచి వెనక్కు తీసుకొనవలసి వచ్చింది; వాటి సంఖ్య నాలుగు వందలు దాటింది. రంగు కలిపింది పండించిన రైతు కాదు. పొడి కొట్టే దారిలో ఎవరో కలిపారు. అయితే ఆ కబురులో ఉన్నది దేశం పేరు. కల్తీ చేసినవాని ఊరి పేరు లేదు, చేయనివాని ఊరి పేరూ లేదు. అందువలన మచ్చ అందరి బస్తాలకూ అంటింది.

జాగ్రత్తగా ఆలోచిస్తే ఇక్కడి రైతుకు సమాచార విజ్ఞానం చేయగల గొప్ప మేలు ఏదో ఈ సంఘటనే చెబుతున్నది. ఈ బస్తా ఏ మండలపు ఏ చేనుది, ఏ మందు ఎన్నడు కొట్టారు, మట్టి నేల మీద ఎండబెట్టారా, పరదా మీద ఎండబెట్టారా, తేమ ఎంత – ఈ వివరాలు బస్తాతో పాటు కొచ్చి రేవు దాటి కొన్నవాని బల్లమీదికి పోవాలి. తడి ఆరని కాయలో పెరిగే బూజు నుంచి అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది. ఎగుమతి సరకు తిరస్కరణకు గురికావడానికి అదొక ముఖ్య కారణం. రైతు ఫోనుకు ప్రతిరోజూ ధర పంపుతున్నవారు, నిన్న పోయిన సరకు ఎందుకు తిరస్కరింపబడిందో ఒక్కనాడైనా పంపుతున్నారా? ధర ఎంత అన్న ప్రశ్నకు జవాబు వస్తున్నది గాని, ఈ రాశికి జెండా పాట ధర ఎందుకు వచ్చింది, నా రాశికి ఎందుకు రాలేదు అన్న ప్రశ్నకు రావడం లేదు. మొదటి జవాబు ఆనాటి సాయంత్రానికి పాతబడుతుంది. రెండవది వచ్చే పంటకు పనికివస్తుంది.

ఇదే జిల్లాల యువకులు మరొక వాణిజ్యంలో ఈ కిటుకును గ్రహించారు. హైదరాబాదులో కూర్చొని అమెరికా కంపెనీకి ప్రోగ్రాములు వ్రాసే జనగామ యువతి చేసే పని కూడా ఎగుమతియే. ఆమె సరకుకు లారీ వద్దు, ఓడ వద్దు, తేమ పరీక్ష వద్దు. పైగా ఎవరు ఏ పని చేశారో కొనేవానికి పేరుతో సహా తెలుస్తుంది. ఆమెకు జీతం పెరగడంలో చదువుకు ఎంత భాగం ఉన్నదో, పని తన పేరున నమోదు కావడానికీ అంతే భాగం ఉన్నది. ఆమె తండ్రి పండించిన పత్తి మాత్రం జిన్నింగు మిల్లు గేటు దాటగానే పేరు కోల్పోయి నూరు చేల పత్తిలో కలిసిపోతున్నది.

పెంబర్తి కళాకారుల అనుభవం ఈ రెంటికీ మధ్యది. వారి లోహపు పనికి భౌగోళిక గుర్తింపు లభించింది. ఇత్తడి రేకు మీద సుత్తెతో, ఉలితో మెల్లగా తేల్చిన బొమ్మ ఫొటో ఒక్క క్షణంలో లండన్ కొనుగోలుదారునికి చేరగలదు. అదే క్షణంలో అచ్చులతో వేలకొద్దీ బొమ్మలు పోసే కార్ఖానాకూ చేరగలదు. నమూనాను దొంగిలించడం ఇంత సులభంగా మునుపెన్నడూ లేదు. అయితే చిన్న పార్సిళ్లను విదేశాలకు పంపే పని తపాలా శాఖ 2022లో ‘డాక్ నిర్యాత్ కేంద్రాల’ను ఆరంభించాక కొంత తేలికైంది, ఎగుమతి పత్రాన్ని ఆన్‌లైనులో నింపి, దగ్గరి తపాలా కార్యాలయం నుంచే పెట్టె పంపవచ్చు. పెద్ద వర్తకుని గుమ్మం తొక్కకుండా నాలుగు దీపస్తంభాలు విదేశానికి పంపగలగడం చిన్న సంగతి కాదు.

మిరపకు కూడా పేరు వచ్చింది. 2025లో ‘వరంగల్ చపాటా మిరప’కు భౌగోళిక గుర్తింపు లభించింది. వరంగల్ జిల్లా తిమ్మంపేటకు చెందిన మిరప రైతుల ఉత్పత్తిదారుల కంపెనీ దీనికి దరఖాస్తు చేయగా, మహబూబాబాద్ జిల్లా మల్యాలలోని ఉద్యాన పరిశోధన స్థానం శాస్త్రీయమైన అండ ఇచ్చింది. చపాటా కాయ గుండ్రంగా, లావుగా ఉంటుంది. అందుకే జనం దానిని టమాటా మిర్చి అంటారు. కారం తక్కువ, ఎరుపు ఎక్కువ. ఆ ఎరుపును సారంగా తీసి ఆహార పదార్థాలకు వాడతారు. సూడాన్ రంగు కలిపి దొంగతనంగా తెచ్చుకొన్న వన్నె ఈ కాయకు పుట్టుకతోనే ఉన్నది. గుర్తింపు పొందిన ప్రాంతంలో భూపాలపల్లి పల్లెలు కూడా చేరాయి.

గుర్తింపు పత్రం గోడకు వ్రేలాడినంత మాత్రాన బస్తా మీదికి పేరు రాదు. 1999 నాటి చట్టం ప్రకారం ఆ పేరును వాడుకోవాలంటే ప్రతి రైతూ ‘అధీకృత వినియోగదారు’గా విడిగా నమోదు కావాలి. 2025 ఫిబ్రవరిలో మిరప ధరలు పడిపోయి, ఆంధ్రప్రదేశ్ రైతుల కొరకు కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల ధరతో జోక్యం చేసుకొనవలసి వచ్చిన రోజులను చూచినవారికి, గుంపులో కలిసిన బస్తాకూ, పేరున్న బస్తాకూ భేదం ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. నమోదుకు కావలసినవి పొలం వివరాలు, గుర్తింపు కాగితాలు, నింపవలసిన దరఖాస్తు. జెండా పాట ధర చూచే ఫోనులోనే వాటి ఫొటోలు తీయవచ్చు. చపాటా పండించే ఊళ్లలో ఆ దరఖాస్తు నింపగల చదువు ఉన్న పిల్లలు ప్రతి వీధిలోనూ ఉన్నారు.